కాపురం కదిలితే ఏవి కదలవు? హిజ్లీ నుంచి ఒక లెక్క

గళ్ల నోటుపుస్తకంలో పేజీ మధ్యన నిలువు గీత. ఎడమవైపు పైన 'ఇక్కడ' అని, కుడివైపు 'హైదరాబాద్' అని రాసి ఉంది. హిజ్లీ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన తండ్రి కట్టుకున్న రెండు గదుల ఇల్లది. కొడుకు, కోడలు, రెండో తరగతి చదివే మనవరాలు, ఏడాదిన్నర మనవడు. తండ్రి పోయాడు, తల్లి ఉంది. "బాబాయ్, నువ్వొకసారి చూడు. లెక్క తప్పిందేమో" అని ఆ కుర్రాడు పుస్తకం నా ముందు పెట్టాడు.

ఎడమవైపు చేతికొచ్చే జీతం 32,000. అద్దె సున్నా. స్కూలు 1,200. బియ్యం, పప్పు, చేప, పాలు అన్నీ కలిపి 9,000. కరెంటు, పెట్రోలు, ఫోన్లు 2,500. మిగతా ఖర్చులు 3,300. మిగులు 16,000. కుడివైపు జీతం 62,000. అపార్ట్‌మెంటు అద్దె, మెయింటెనెన్సు కలిపి 20,000. స్కూలు, బస్సు 8,000. సరుకులు 13,000. కరెంటు, పెట్రోలు, ఫోన్లు 5,000. మిగతావి 5,000. మిగులు 11,000. జీతం దాదాపు రెట్టింపవుతుంది, మిగిలేది మాత్రం 5,000 తగ్గుతుంది. లెక్క తప్పలేదు. తప్పయితే బాగుండునని ఇద్దరి ముఖాల్లోనూ కనిపించింది.

గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్న పెద్దావిడ తల ఎత్తకుండానే అడిగింది: "ఎల్తే ఎల్లండి గాని, ఆ సిన్నోడ్ని ఎవులు సూస్తారే అక్కడ?"

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్, హిజ్లీ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఈ పదేళ్లుగా ఈ నోటుపుస్తకం ఏదో ఒక రూపంలో తెరుచుకుంటూనే ఉంది. హైదరాబాద్ కాకపోతే బెంగళూరు. చిన్నపిల్లలున్న సంసారం చవక రాష్ట్రం నుంచి ఖరీదైన రాష్ట్రానికి వెళ్లాలా వద్దా అన్నది ఆ ఇంటి ప్రశ్నే అయినా, దానికి జవాబు ఇంటి లెక్కతోనే తేలదు. మనవాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారు, రాష్ట్రాల సరిహద్దులు ఏం మోయనిస్తాయి, ఏం మోయనివ్వవు అన్నవి కూడా చూడాలి.

వచ్చినప్పటి సంగతి ముందు చెప్పాలి. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1902లో తూర్పు తీరపు రైలుమార్గంలో ఉత్తర భాగం దాని చేతికొచ్చింది. ఖరగ్‌పూర్‌లో కంపెనీ పెద్ద వర్క్‌షాపు పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వాన పడని ఏడు కనిపించే మొదటి దారి ఆ పట్టాలే. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఒకే రైల్వే. పనికి పిలిచేవాడూ, పనిచేసేవాడూ, మోసుకొచ్చే బండీ అన్నీ దానివే. 1927లో ఈ ఖరగ్‌పూర్‌లో రైల్వే కార్మికులు చేసిన సమ్మెలో బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి ముందున్నారు. తరవాత ఆయన రాష్ట్రపతి అయ్యారు.

అదే కాలంలో మనవాళ్లు రంగూన్ రేవుకీ, హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకీ వెళ్లారు. అక్కడికి ఎక్కువగా మగవాళ్లు ఒంటరిగానే వెళ్లారు. భార్యాబిడ్డలు ఊళ్లో ఉండేవారు, డబ్బు మనియార్డరులో వచ్చేది. ఖరగ్‌పూర్‌కి సంసారాలు కదిలి వచ్చాయి. ఎందుకంటే ఇక్కడ రైల్వే క్వార్టరు ఇచ్చింది. ఓల్డ్ సెటిల్‌మెంటు, న్యూ సెటిల్‌మెంటు, మథురాకాటీ, నింపురా అంటూ వరసలు వరసలుగా ఇళ్లు, పక్కనే బడి, ఆసుపత్రి, గోల్‌బజారు. తలమీద కప్పు ఉంది కాబట్టి పెళ్లాం వచ్చింది, తరవాత పిల్లలొచ్చారు, ఆ పిల్లల్ని చూడడానికి ఊళ్లోని ముసలమ్మ కూడా వచ్చింది. ఈ ఊరిని మినీ ఆంధ్రా అనడం వెనక ఉన్నది ఆ పెంకుటిళ్లే. ఇప్పటి ప్రశ్నకు కీలకం కూడా అక్కడే ఉందని నా నమ్మకం. ఆనాడు జీతం తక్కువ, ఇల్లు జీతంలో భాగం. ఇప్పుడు హైదరాబాదు ఉద్యోగంలో జీతం పెద్దది, ఇల్లు మన మీదే.

మరి ఎందుకు వెళ్తున్నారు? పని తరిగింది. 2003 ఏప్రిల్‌లో వాల్తేరు డివిజన్ సౌత్ ఈస్టర్న్ రైల్వే నుంచి విడిపోయి ఈస్ట్ కోస్ట్ రైల్వేలో కలిసింది. నూరేళ్లపాటు ఒకే గొడుగు కింద ఉన్న విశాఖ, ఖరగ్‌పూర్ రెండు జోన్లయ్యాయి. సొంత కోరిక మీద జోను మారితే సీనియారిటీ వరసలో అట్టడుగుకి పోవాలి. భద్రతకు సంబంధించిన కొన్ని పనుల్లో తండ్రి ముందుగా రిటైరైతే కొడుక్కి ఉద్యోగమిచ్చే పథకం ఒకటి 2004 నుంచి ఉండేది. రాజ్యాంగంలోని సమానత్వానికి అది విరుద్ధమన్న హైకోర్టు మాట తరవాత 2018లో దాన్ని పూర్తిగా ఆపేశారు. కోర్టు చెప్పింది న్యాయమే, బయట నిలబడ్డ కుర్రాళ్లకీ అవకాశం దక్కాలి. కానీ మా వీధుల్లో ఎంతోమందికి ఆ తలుపు మూతపడింది. హిజ్లీలో ఐ.ఐ.టి. ఉందంటారు. ఉంది. 1931 సెప్టెంబరు 16న పోలీసు తుపాకులకు ఇద్దరు ఖైదీలు బలైన నిర్బంధ శిబిరం భవనంలోనే 1951లో దేశంలోని మొదటి ఐ.ఐ.టి. మొదలైంది. అందులో చదవడానికి తెలుగు రాష్ట్రాల నుంచి పిల్లలు వస్తారు, చదువయ్యాక వెళ్లిపోతారు. ఆ గోడ ఇవతల పుట్టిన పిల్లలకు అది ఇచ్చిన ఉద్యోగాలు కొన్నే.

ఇక ధరల సంగతి. కేంద్ర గణాంక శాఖ 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు పశ్చిమ బెంగాల్‌లో 5,775 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 7,182, తెలంగాణలో 8,978. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే బెంగాల్‌లో 23,100, తెలంగాణలో 35,912. తేడా నెలకు దాదాపు 12,800. అయితే ఈ అంకెను ధరల తేడా అనుకోకూడదు. ఎక్కువ సంపాదించేవాళ్లు ఎక్కువ కొంటారు, ఆ కొనడం కూడా ఇందులో ఉంది. పైగా సొంత ఇంట్లో ఉన్నవాళ్లకు ఆదా అయ్యే అద్దెను ఈ సర్వే ఖర్చులో కలపదు. అంటే హిజ్లీలో సొంత గదులు వదిలి మియాపూర్‌లో అద్దెకు దిగేవాళ్లకు అసలు దెబ్బ ఈ సగటులో కనబడదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ తేడా కొంత పూడుతుంది. కరువు భత్యం 50 శాతానికి చేరాక, 2024 జనవరి నుంచి ఇంటి అద్దె భత్యం పెద్ద నగరాల్లో మూల వేతనంలో 30 శాతం, చిన్న ఊళ్లలో 10 శాతం. 35,400 మూల వేతనం ఉన్నవారికి ఇక్కడ 3,540, హైదరాబాదులో 10,620. ప్రైవేటు ఉద్యోగికి ఆ లెక్క కాగితం మీదే ఉంటుంది. కంపెనీ చెప్పే ఏడాది ప్యాకేజీలో అద్దె భత్యం అనే గడి ఉన్నా, మొత్తం సంఖ్య ఊరును బట్టి పెరగదు. అడ్వాన్సు కూడా మరచిపోకూడదు. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె అడుగుతారు. బెంగళూరులో పది నెలల అద్దె అడగడం చాలాకాలంగా అలవాటు. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్లకు రెండు నెలలకు మించకూడదంటుంది గానీ, అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే అమలు.

చిల్లర విషయాలు త్వరగా దాటేస్తాను. రేషను కార్డు మీద కేంద్రమిచ్చే బియ్యం ఇప్పుడు దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు, బెంగాల్ కూడా 2021లో ఆ ఏర్పాటులో చేరింది. గ్యాసు కనెక్షన్ బదిలీ అవుతుంది. ఓటు మార్చుకోవచ్చు. బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి, పన్ను మళ్లీ కట్టాలి. ఇవన్నీ విసుగు పుట్టిస్తాయి, అంతే. ఒకటి రెండు సెలవులు పెట్టుకుంటే తీరిపోతాయి.

తీరనివి వేరే ఉన్నాయి. వాటిని గురించి మా కుర్రాళ్లకు ఎవరూ ముందుగా చెప్పరు.

మొదటిది కులం కాగితం. తెలుగు కుటుంబం ఒకటి ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లింది. తండ్రికి ఎరువుల కంపెనీలో ఉద్యోగం. ఆంధ్రలో వాళ్లది షెడ్యూల్డ్ తెగ. ఆ పిల్లవాడు బొంబాయిలోనే పెరిగి మెడికల్ సీటు అడిగితే, మహారాష్ట్ర జాబితాలో మీరు లేరన్నారు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తీర్పు చెప్పింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులం లేదా తెగ అయినవారు మరో రాష్ట్రానికి వలసపోతే ఆ హోదా వెంట రాదంది. చిన్నప్పుడే తండ్రి వెంట వచ్చిన పిల్లవాడి గతి అదే అయితే, మూడు తరాలుగా వెళ్తూ వస్తూ ఉన్న రైల్వే పిల్లల గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఉత్తరాంధ్ర మూలాలున్న ఇళ్లకు హైదరాబాదు విషయంలో ఇంకో చిక్కుంది. రాష్ట్రం విడిపోయిన 2014లోనే తెలంగాణ ప్రభుత్వం 26 కులాలను తన బీసీ జాబితా నుంచి తీసేసింది. తూర్పు కాపు, కొప్పుల వెలమ, కళింగ, గవర వంటివి అందులో ఉన్నాయి. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఈ కులాలవాళ్లు ఎంతోమంది. తాత శ్రీకాకుళంలో బీసీ. మనవడికి హైదరాబాదులో ఆ పేరు లేదు. తెలుగువాళ్ల దగ్గరకే కదా వెళ్తున్నాం అని ధీమాగా పెట్టె సర్దుకునే వాళ్లకు ఈ మాట చెప్పడం నాకే కష్టంగా ఉంటుంది. అయినా చెప్పాలి.

రెండోది స్థానికత. 1973లో రాజ్యాంగానికి 32వ సవరణ ద్వారా 371డి అధికరణం వచ్చింది. దాని ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉద్యోగాలకూ సీట్లకూ ఎవరు స్థానికులన్నది చదివిన చోటును బట్టి తేలుతుంది. తెలంగాణ 2018 ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ ఎక్కువ ఏళ్లు చదివితే అక్కడి స్థానికులు. సీట్ల విషయంలో అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. వైద్య సీట్లకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా తెలంగాణలోనే చదవాలన్న నియమాన్ని 2025లో సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. విభజన తరవాత తెలంగాణ నుంచి ఆంధ్రకు కదిలిన కుటుంబాలకు స్థానికులయ్యే గడువు ఇచ్చారు, దాన్ని పొడిగించారు కూడా. బెంగాల్ నుంచి వచ్చే తెలుగువాళ్ల కోసం అలాంటి కిటికీ ఎవరూ తెరవలేదు. శ్రీకాకుళంలోనూ లేదు, హైదరాబాదులోనూ లేదు. మా పిల్లలు కాగితం మీద నికరంగా స్థానికులైనది బెంగాల్‌లోనే. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇస్తూ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయం తీసుకున్నప్పుడు గోల్‌బజారులో మిఠాయి పంచుకున్నవాళ్లను చూశాను. దాని వెనక ఎన్నికల లెక్కలున్నాయని తెలియకా? తెలుసు. అయినా సొంత భాష పేరు ప్రభుత్వ నోట వినబడితే కళ్లు తడిశాయి.

అమెరికాలో టెక్సస్ నుంచి కాలిఫోర్నియా వెళ్లే మన కుటుంబాలకూ ఇలాంటి లెక్కే ఉంటుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో పై శ్లాబు 13 శాతం దాటుతుంది. కానీ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో స్థానికుల ఫీజుకు అర్హత రావడానికి అక్కడ సాధారణంగా ఒక ఏడాది నివాసం చాలు. మన తెలుగు రాష్ట్రాల్లో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లకు నాలుగేళ్లు పడుతోంది. స్థానికుల హక్కును నేను కాదనను, ఆ హక్కు కోసం జరిగిన పోరాటాలు చిన్నవి కావు. కానీ తల్లిదండ్రుల బతుకుతెరువు కోసం కదిలిన పసిపిల్లను పన్నెండో తరగతి దాకా పరాయిదానిగా లెక్కపెట్టే పద్ధతి మారాలి.

మూడోది బడి క్యాలెండరు. చిన్నదిగా కనిపిస్తుంది, పిల్లల ఏడాదిని తినేస్తుంది. బెంగాల్ రాష్ట్ర బోర్డు బడులు జనవరిలో మొదలై డిసెంబరులో ముగుస్తాయి. తెలంగాణలో జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూస్తారు. ఆఫర్ లెటరు చేతిలో పడగానే ఆగస్టులో కదిలితే పిల్ల ఇక్కడి తరగతిలో సగానికి పైగా పూర్తిచేసి ఉంటుంది, అక్కడ అదే తరగతి అప్పటికే రెండు నెలలు నడిచి ఉంటుంది. ఏదో ఒకటి వదులుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బదిలీ సర్టిఫికెట్ ఆలస్యమైనా ప్రభుత్వ బడిలో చేర్చుకోను అనకూడదు. మా అన్న కూతురికి మాత్రం ఒక ప్రైవేటు స్కూల్లో ఆ కాగితం వచ్చేదాకా బెంచీ ఇచ్చారు గానీ పేరు రాయలేదు. నెలా పదిరోజులు హాజరు పిలిచినప్పుడు దానికి పలకడానికి పేరు లేదు.

ఇక నాలుగోది భాష. ఇది మా ఇళ్లలో పిల్లలకు మాత్రమే తెలిసిన నొప్పి. ఖరగ్‌పూర్‌లో ఆంధ్రా హైస్కూలు పేరుతో తెలుగు బడి ఉంది. అయినా ఇప్పటి పిల్లల్లో చాలామంది బంగ్లా, హిందీ, ఇంగ్లీషు చదువుల్లోనే ఉన్నారు. ఇంట్లో తెలుగే. అదీ శ్రీకాకుళం యాస మీద హిందీ పొడి చల్లినట్టుండే తెలుగు. "నానమ్మా, చాబీ ఏదీ?" అంటుంది మా నోటుపుస్తకం ఇంటి చిన్నది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ తెలుగు నేర్పాలి. మంచి చట్టం. కానీ అది పుట్టినప్పటినుంచీ తెలుగే మాట్లాడిన ఈ పిల్లకు మొదటి పరీక్షలో సున్నా తెస్తుంది. అక్షరం తెలియదు కదా. బంగ్లా అక్షరాలు గుండ్రంగా రాసే పిల్ల, తన భాషలోనే వెనకబడ్డదానిగా కూర్చోవలసి వస్తుంది. నోరు తెరిస్తే 'ఏటి' అంటుంది, తరగతి నవ్వుతుంది. ఇందులో తల్లిదండ్రులు చేయగలిగినదొకటుంది. వెళ్లడానికి ఆరు నెలల ముందే ఇంట్లో పలక పట్టించడం.

చివరికి పెద్దావిడ అడిగిన మాట. నోటుపుస్తకంలో ఆమెకు గడి లేదు. ఆమె చేసే పని విలువ ఎంత? చిన్నవాణ్ని పొద్దుట ఎనిమిది నుంచి సాయంత్రం దాకా చూస్తుంది. తరవాణి కుండ, చోడి అంబలి, పిల్లల స్నానాలు ఆమెవే. ఆమె ఉంది కాబట్టే కోడలు సాయంత్రాలు వీధి పిల్లలకు ట్యూషన్లు చెప్పి నెలకు 6,000 దాకా తెస్తోంది. ఆ 6,000 కూడా ఎడమవైపు రాయలేదు! అడిగితే కోడలే నవ్వి, "అది జీతం కాదు కదా బాబాయ్" అంది. రాయించాను. మిగులు 22,000 అయ్యింది. కుడివైపు పసివాడికి క్రెష్ 7,000 రాయించాను. మిగులు 4,000 అయ్యింది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణ నుంచీ యాభై మంది లేదా అంతకు మించి పనిచేసే చోట క్రెష్ సదుపాయం ఉండాలన్నది నియమం. కోడలికి అలాంటి చోట ఉద్యోగం దొరికితే మాట వేరు. దొరికేదాకా ఆమె చదివిన బి.ఎస్సీ. నాలుగో అంతస్తులో తలుపు గడియ వెనక ఉంటుంది.

పెద్దావిడను కూడా తీసుకెళ్లొచ్చు కదా అంటారు. కొందరు వెళ్లారు. ఇక్కడ ఆమెకు వీధి ఉంది, బాలాజీ గుడి ఉంది, మాతాపూజకు ఘటం ఎత్తే ఆడవాళ్ల గుంపు ఉంది. అక్కడ లిఫ్టు ఉంటుంది. ఆరు నెలలుండి తిరిగొచ్చేసిన ముసలివాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు.

అయితే వెళ్లొద్దని నేను చెప్పను. ఇక్కడ ముప్పై రెండు వేల జీతం పదేళ్ల తరవాత ఎంతవుతుందో ఆ కుర్రాడికీ తెలుసు, నాకూ తెలుసు. హైదరాబాదులో అదే చేతిపనికి నాలుగు కంపెనీలు ఉంటాయి, ఒకటి పోతే ఇంకోటి. ఇక్కడ ఒక్కటే. మొదటి రెండేళ్ల మిగులు చూసి ఆగిపోతే ఆ అవకాశం పోతుంది. విశాఖను ముందు చూడమని కూడా చెప్పాను. అద్దెలు తక్కువ, అమ్మమ్మగారి ఊరు దగ్గర, ఆంధ్ర బీసీ జాబితాలో పేరు ఉంటుంది. పనులే తక్కువ. ఇప్పటిదాకా కుదరలేదు.

నేను గట్టిగా చెప్పేదల్లా ఎప్పుడు వెళ్లాలన్నదాని గురించి. అందరూ ఆఫర్ లెటరు తేదీని బట్టి కదులుతారు. పిల్ల తరగతిని బట్టి కదలమంటాను. నాలుగో తరగతి మొదలయ్యేలోపు తెలంగాణ బడిలో చేరితే ఏడేళ్లలో నాలుగేళ్లు అక్కడివే అవుతాయి, ఉద్యోగాల లెక్కలో స్థానికురాలవుతుంది. అది దాటితే కనీసం తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు. పది, పన్నెండు తరగతుల మధ్య మాత్రం కదపకూడదు. అప్పుడు అవసరమైతే తండ్రి ఒక్కడే వెళ్లి హాస్టల్లో ఉండడం మేలు. రంగూన్ వెళ్లిన తాతల పద్ధతే అది. బాధే. కానీ బుద్ధిపూర్వకంగా, ఇన్ని నెలలని గడువు పెట్టుకుని చేస్తే ఓర్చుకోగలిగే బాధ.

ఆ ఇంట్లో చివరికి కుదిరింది ఇది. కుర్రాడు నవంబరులో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. నలుగురితో కలిసి గదిలో ఉంటున్నాడు. పిల్ల డిసెంబరుకి రెండో తరగతి ఇక్కడే పూర్తిచేసింది. జూన్‌లో అక్కడ మూడులో చేరుతుంది. ఈ మధ్యలో ఉన్న అయిదు నెలలూ తెలుగు అక్షరాలకు. నేర్పేది నానమ్మ. చిన్నప్పుడు ఇక్కడి తెలుగు బడిలోనే అయిదో తరగతి దాకా చదివిందావిడ.

మొన్న వెళ్లేసరికి నోటుపుస్తకంలో లెక్కల పేజీ వెనక గుణింతం ఉంది. పైన వణికే పెద్ద అక్షరాలు నానమ్మవి, కింద పెన్సిలు నొక్కి రాసినవి పిల్లవి. క, కా, కి, కీ అని సాగి 'కౌ' దగ్గర రెండు వరసలూ ఆగిపోయాయి. "ఇది నాకూ గుర్తులేదు బాబూ, నువ్వు రాసి సూపించు" అని పెన్సిలు నా చేతికిచ్చింది.